క్యాసెట్ నుంచి కంప్యూటర్‌కు, కంప్యూటర్ నుంచి క్యాసెట్‌కు: ఇంట్లోనే చేసుకునే పద్ధతి

పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాలి అనుకోగానే చాలామంది మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని. నిజానికి అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ఉచితంగా దొరికే ఆడాసిటీతో పని బ్రహ్మాండంగా అయిపోతుంది. మీ రికార్డింగ్ బాగుంటుందా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుందా అన్నది కంప్యూటర్ దాకా రాకముందే, టేపు వెళ్లి, దాని మీది శబ్దాన్ని చదివే హెడ్‌ను తాకే చోటే తేలిపోతుంది.

ఒక్క చిన్న లెక్క చూస్తే సంగతి అర్థమవుతుంది. 1963లో ఫిలిప్స్ బయటికి తెచ్చిన ఈ క్యాసెట్‌లో టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. అంటే 10,000 హెర్ట్జ్ ధ్వని తాలూకు ఒక్కో తరంగం టేపు మీద 4.76 మైక్రాన్ల చోటులోనే ఇమడాలి. హెడ్‌కీ టేపుకీ మధ్య ఒక్క మైక్రాన్ మందాన మురికి చేరినా ఆ స్థాయి ధ్వని 11 డెసిబెళ్లకు పైగా పడిపోతుంది. అలా పోయినదాన్ని తర్వాత ఈక్వలైజర్‌లో ట్రెబుల్ పెంచి తెచ్చుకుందాం అంటే దానితోపాటు బుస శబ్దం కూడా అంతే పెరుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగం పైగా రికార్డ్ బటన్ నొక్కక ముందు చేయాల్సిన పనులే ఉంటాయి.

ఏ ప్లేయర్ వాడాలి

దొరికితే ఇంట్లో స్టీరియో సెట్టుకు తగిలించే పాత క్యాసెట్ డెక్ వాడండి. వెనక లైన్ అవుట్ సాకెట్లు, ముందు డాల్బీ (టేపు బుసను తగ్గించే ఏర్పాటు) స్విచ్, టేపు రకం ఎంచుకునే బటన్లు ఉంటాయి, మోటారు స్థిరంగా తిరుగుతుంది. అది లేకపోతే మంచి స్థితిలో ఉన్న వాక్‌మన్ తరహా ప్లేయర్ కూడా చాలు. బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి కరెంటు హమ్ గొడవ తక్కువ.

క్యాసెట్ పెట్టి యూఎస్‌బీ వైరుతో నేరుగా కంప్యూటర్‌కు తగిలించే చవక ప్లేయర్లు చూడ్డానికి సులువుగా కనిపిస్తాయి. నేనైతే వాటిని వద్దనే చెబుతాను. చాలావాటిలో వేగం ఊగుతుంది, సాగదీసి పాడే స్వరాల్లో ఆ ఊగడం చెవికి తెలిసిపోతుంది. డాల్బీ దాదాపు ఉండదు. కొన్ని మోనో మాత్రమే. ఎవరో మాట్లాడిన ఒక్క టేపును భద్రం చేసుకోవడానికి సరిపోతాయేమో గానీ, సంగీతానికి పనికిరావు.

పాత డెక్ ఏళ్ల తరబడి అటక మీద పడి ఉంటే ముందు మీ ముఖ్యమైన క్యాసెట్‌ను అందులో పెట్టకండి. పోయినా పర్వాలేదనుకునే క్యాసెట్‌తో ప్లే, రివైండ్, ఫార్వర్డ్ అన్నీ చూడండి. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ రీలు కదలకపోతే చాలాసార్లు లోపలి రబ్బరు బెల్టు సాగిపోయో, జిగురులా కరిగిపోయో ఉంటుంది. ప్లే అవుతున్నప్పుడు టేపును చుట్టుకోవాల్సిన రీలు ఆగిపోతే టేపు బయటికి పొంగి రోలర్‌కు చుట్టుకుంటుంది. టేపు నలిగిపోయేది ఇలాగే.

క్యాసెట్‌ను ముందు చేత్తో పట్టుకుని చూడండి

కిటికీలోంచి చుట్టను గమనించండి. అంచుల మీద తెల్లటి పొడి లాంటిది కనిపిస్తే అది బూజు. దాన్ని ప్లే చేస్తే ఆ బూజు హెడ్‌కు, అక్కడి నుంచి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. అలాంటివి విడిగా ఒక కవర్లో పెట్టి పక్కన ఉంచండి. విలువైనదైతే ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

తర్వాత అడుగున, టేపు బయటికి కనిపించే చోట మధ్యలో చిన్న నమదా (ఫెల్ట్) ముక్క ఉందో లేదో చూడండి. సన్నని రాగి రేకు స్ప్రింగు మీద అతికించి ఉంటుంది, టేపును హెడ్‌కు ఒత్తి పెట్టడమే దాని పని. పాత క్యాసెట్లలో దాని జిగురు ఎండిపోయి ముక్క ఊడిపోవడం మామూలే. అది లేకపోతే శబ్దం వస్తూ పోతూ, ట్రెబుల్ లేకుండా వినిపిస్తుంది. జనం టేపు పాడైపోయిందనుకుని పారేసే క్యాసెట్లలో కొన్నింటికి ఉన్న జబ్బు ఇంతే. పనికిరాని ఇంకో క్యాసెట్ నుంచి స్ప్రింగుతో సహా ఆ ముక్కను తీసి ఇందులో అమర్చితే సరిపోతుంది.

డబ్బా స్క్రూలతో బిగించినదైతే విప్పడం తేలిక. స్క్రూలు లేకుండా అంటించేసినదైతే అతుకు వెంట సన్నని బ్లేడు పెట్టి ఓపికగా విడదీయాలి, తర్వాత రీళ్లను స్క్రూల డబ్బాలోకి మార్చాలి. విప్పేటప్పుడు క్యాసెట్‌ను బల్ల మీద పడుకోబెట్టి, పై సగాన్ని మాత్రమే నిలువుగా ఎత్తండి. లోపల రెండు మూలల్లో చిన్న రోలర్లు, రీళ్లకు పైనా కిందా పల్చటి జారుడు కాగితాలు ఉంటాయి. కదిలించే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుంటే టేపు ఏ దారిన వెళ్తుందో మళ్లీ అమర్చేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

టేపు తెగి ఉంటే మామూలు సెల్లో టేపుతో అతికించవద్దు. దాని జిగురు పక్కలకు ఊరి పక్క చుట్టలకు, హెడ్‌కు అంటుకుంటుంది. స్ప్లైసింగ్ టేపు అని ప్రత్యేకంగా దొరుకుతుంది. రెండు కొసలనూ ఏటవాలుగా ఒకే కోణంలో కోసి, సందు లేకుండా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా ఆనించి, హెడ్‌కు తగలని వైపున అతికించాలి.

ఇవన్నీ అయ్యాక క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి ఒకే బిగువులో ఉండిపోయిన చుట్ట వదులై సమంగా చుట్టుకుంటుంది. సైడ్‌కు గంట నడిచే సీ-120 క్యాసెట్ల టేపు చాలా పల్చన, సుమారు 9 మైక్రాన్లే. వాటిని మాటిమాటికీ ఆపుతూ, తిప్పుతూ ఉండకండి.

హెడ్, రోలర్ శుభ్రం చేయడం

90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కొన్ని ఇయర్ బడ్స్ ఉంటే చాలు. ప్లేయర్ ఆపి, మూత తెరిచి, ఆల్కహాల్‌తో తడిపిన బడ్‌తో హెడ్ ముఖాన్ని, పక్కనే ఉన్న ఎరేజ్ హెడ్‌ను, టేపును నడిపించే సన్నని ఉక్కు కడ్డీని తుడవండి. బడ్ మీద గోధుమరంగు అంటుతుంది. అది టేపు నుంచి రాలిన ఆక్సైడ్. రంగు అంటడం ఆగేదాకా బడ్‌లు మారుస్తూ తుడవండి. రబ్బరు పించ్ రోలర్‌ను కూడా తిప్పుతూ తుడవాలి, కానీ దాని మీద ఆల్కహాల్ నిలవనివ్వకండి, వెంటనే పొడి బడ్‌తో ఒత్తండి. అంతా ఆరాకే క్యాసెట్ పెట్టాలి. పెద్ద మొత్తంలో ఎక్కిస్తున్నట్టయితే నాలుగైదు క్యాసెట్లకోసారి మళ్లీ తుడవడం మంచిది, ఆక్సైడ్ ఎక్కువ రాల్చే టేపు తర్వాతైతే తప్పనిసరి.

హెడ్‌లో పేరుకున్న అయస్కాంతత్వాన్ని తీసే డీమాగ్నెటైజర్ గురించి వాదనలు చాలానే ఉన్నాయి. ఉంటే వాడండి. ప్లేయర్ ఆపి ఉండాలి, క్యాసెట్లు దూరంగా ఉండాలి, పరికరాన్ని దూరంలోనే ఆన్ చేసి మెల్లగా దగ్గరికి తెచ్చి, మెల్లగానే దూరం తీసుకెళ్లి అప్పుడు ఆపాలి. హెడ్ దగ్గర ఉండగానే స్విచ్ ఆపితే లేని అయస్కాంతత్వం వచ్చి కూర్చుంటుంది. లేకపోతే దానికోసం వెతుక్కుంటూ పని ఆపాల్సిన అవసరమైతే లేదు.

అజిమత్: అందరూ వదిలేసేది, అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించేది

హెడ్ ముఖం మీద కంటికి కనిపించనంత సన్నని నిలువు చీలిక ఉంటుంది. అది టేపు నడిచే దిశకు సరిగ్గా లంబంగా నిలబడాలి. ఆ నిలబడే కోణాన్నే అజిమత్ అంటారు. ఏ కాస్త వాలినా ట్రెబుల్ పోతుంది. చిక్కేమిటంటే, ఇంట్లో రికార్డు చేసిన ప్రతి క్యాసెట్‌లోనూ ఆ రికార్డు చేసిన యంత్రం వాలు అచ్చయి ఉంటుంది. మీ డెక్ కొలతల ప్రకారం సరిగ్గానే ఉన్నా, వాలుగా ఉన్న హెడ్‌తో చేసిన రికార్డింగ్ అందులో మందంగానే వినిపిస్తుంది. కాబట్టి క్యాసెట్‌ను బట్టి హెడ్‌ను సర్దుకోవాలి.

హెడ్‌కు రెండు పక్కలా స్క్రూలుంటాయి. వాటిలో కింద స్ప్రింగు ఉన్నది అజిమత్ స్క్రూ, రెండోది కదిలించకూడనిది. చాలా ప్లేయర్లలో మూత ముందు పలకను తీసేస్తే అది కనిపిస్తుంది. కొన్నిటిలో ప్లే నొక్కి హెడ్ ముందుకు వచ్చినప్పుడు ఒక చిన్న రంధ్రానికి ఎదురుగా వస్తుంది. తిప్పే ముందు స్క్రూ తల మీద, పక్కన లోహం మీద మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. అయస్కాంతం లేని స్క్రూడ్రైవర్ వాడండి.

ఇప్పుడు టేపును ప్లే చేసి, కంప్యూటర్‌లో గానీ ఆంప్లిఫయర్‌లో గానీ శబ్దాన్ని మోనోగా మార్చి హెడ్‌ఫోన్స్‌లో వినండి. మోనో ఎందుకంటే, హెడ్ వాలినప్పుడు ఎడమ, కుడి చానళ్ల మధ్య కాలంలో చిన్న తేడా వస్తుంది. రెండూ కలిపితే పై స్థాయి ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కాబట్టి తప్పు స్టీరియోలో కంటే మోనోలో గట్టిగా తెలుస్తుంది. తాళాల మోత, మాటల్లో ‘స’, ‘ష’ శబ్దాలు ఉన్న చోటు ఎంచుకోండి. స్క్రూను ఒక పక్కకు చాలా కొద్దిగా తిప్పండి. శబ్దం ఇంకా మూసుకుపోతే రెండో పక్కకు తిప్పండి. ఒక చోట మంచు విడిపోయినట్టు ‘స’ కారాలన్నీ ఒక్కసారి తేటపడతాయి. ఆ చోటు దాటి కొంచెం ముందుకెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, అన్నిటికంటే తేటగా ఉన్న దగ్గర ఆపండి. మొత్తం మీద పావు చుట్టు మించి తిప్పాల్సి వస్తే మీరు తిప్పుతున్నది ఆ స్క్రూయేనా అని మళ్లీ చూసుకోండి.

చెవి మీద నమ్మకం లేకపోతే కొన్ని సెకన్లు రికార్డు చేసి ఆడాసిటీలో బాగా జూమ్ చేయండి. మోనో రికార్డింగ్ అయితే రెండు చానళ్లలోనూ అలల శిఖరాలు ఒకే నిలువు గీత మీద కనిపించాలి. ఒకటి ముందు, ఒకటి వెనక ఉంటే ఇంకా సర్దాలి.

సైడ్ తిప్పినప్పుడు మళ్లీ ఒకసారి వినండి, బీ సైడ్ వాలు ఏ సైడ్‌లాగే ఉండాలని లేదు. ఆటో రివర్స్ ఉన్న డెక్‌లో దాన్ని నమ్ముకోకుండా చేత్తో తిప్పి పెట్టుకుంటే మంచిది, వెనక్కి నడిచేటప్పుడు అక్కడి సర్దుబాటు వేరేగా ఉంటుంది.

టేపు రకం, డాల్బీ

క్యాసెట్ మీద టైప్ 1 లేదా నార్మల్ అని ఉంటే 120 మైక్రోసెకన్ల ఈక్వలైజేషన్ (ప్లే చేసేటప్పుడు ట్రెబుల్‌ను సర్దే అమరిక), టైప్ 2 క్రోమ్ గానీ టైప్ 4 మెటల్ గానీ అయితే 70. చాలా డెక్‌లు క్యాసెట్ పై అంచులోని గుంటలను బట్టి ఇది వాటంతట అవే పట్టేస్తాయి. బటన్ ఉన్న ప్లేయర్ అయితే మీరే పెట్టాలి. తప్పు పెడితే ట్రెబుల్ సుమారు నాలుగున్నర డెసిబెళ్లు అటో ఇటో అవుతుంది.

డాల్బీ సంగతి వేరు. రికార్డు చేసేటప్పుడు డాల్బీ బీ వాడి ఉంటే ప్లే చేసేటప్పుడు కూడా అదే ఉండాలి. సీ వాడి ఉంటే సీ. డాల్బీతో చేసినదాన్ని అది లేకుండా వింటే పదునుగా, బుసతో ఉంటుంది. లేకుండా చేసినదాన్ని పెట్టి వింటే మూగగా ఉంటుంది. లేబుల్ మీద రాసి లేకపోతే చెవే దిక్కు. కానీ అజిమత్ సర్దాకే డాల్బీ ఆన్ చేయండి. ట్రెబుల్ ముందే పోయి ఉంటే డాల్బీ దాన్ని ఇంకా ఎక్కువ కోసేస్తుంది, అది చూసి డాల్బీనే పాడుచేస్తోందని తీసేసేవాళ్లు చాలామంది. డాల్బీ హెచ్‌ఎక్స్ ప్రో అని ఉంటే మాత్రం పట్టించుకోనక్కర్లేదు. అది రికార్డింగ్ సమయంలో పనిచేసేదే, ప్లే చేసేటప్పుడు దానికి స్విచ్ అంటూ ఉండదు.

వైర్లు

డెక్ వెనక ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లలో లైన్ అవుట్ అని ఉన్నవి ఎంచుకోండి. డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే వెనక నీలం రంగు సాకెట్ లైన్ ఇన్. రెండు ఆర్‌సీఏ నుంచి 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ ఉన్న వైరు దీనికి చాలు. గులాబీ రంగు సాకెట్ మైక్‌ది, దాని జోలికి వెళ్లకండి. మైక్ నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది, లైన్ సిగ్నల్ వోల్టులో మూడో వంతు దాకా ఉంటుంది. అందులో తగిలిస్తే శబ్దం చీలిపోతుంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో హెడ్‌ఫోన్, మైక్ రెండూ ఒకే సాకెట్. అందులోకి వెళ్లే మైక్ సిగ్నల్ మోనో. కాబట్టి ల్యాప్‌టాప్ అయితే స్టీరియో లైన్ ఇన్‌పుట్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకోవడమే సరైన దారి. కొనేటప్పుడు ‘లైన్ ఇన్’, ‘స్టీరియో’ అన్న రెండు మాటలూ పెట్టె మీద ఉన్నాయో లేదో చూడండి. చవకవాటిలో చాలా వరకు మైక్ ఇన్‌పుట్ ఒక్కటే ఉంటుంది. వాక్‌మన్ అయితే హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి తీసుకోవచ్చు. వాల్యూమ్ సగం పైన పెట్టి, బేస్ బూస్ట్ లాంటివన్నీ ఆపేయండి.

టేపు ఆగి ఉన్నప్పుడు కూడా గుంయ్ అని హమ్ వస్తుంటే అది టేపులోది కాదు, వైరింగ్‌ది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. హమ్ పోతే అది గ్రౌండ్ లూప్, బ్యాటరీ మీదే రికార్డు చేసుకోండి. డెక్‌ను, కంప్యూటర్‌ను ఒకే ప్లగ్ బోర్డుకు తగిలించడం, మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టడం మరో రెండు దారులు. ప్లగ్‌లోని ఎర్త్ పిన్‌ను తీసేయడం మాత్రం దారి కాదు, ప్రాణం మీదికొస్తుంది.

కంప్యూటర్‌లో సెట్టింగులు, లెవెల్

విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఆ ఇన్‌పుట్‌కు ఉన్న ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి. మాటలకోసం పెట్టిన నాయిస్ సప్రెషన్ సంగీతాన్ని మింగేస్తుంది. ఎంత చేసినా మీటర్ కదలకపోతే ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ అనుమతి చూడండి. వాడేది లైన్ ఇన్ అయినా ఆ అనుమతి లేకపోతే ప్రోగ్రాముకు ఏమీ చేరదు.

ఆడాసిటీలో మీ ఇన్‌పుట్‌ను ఎంచుకుని రెండు చానళ్లు, 48,000 లేదా 44,100 హెర్ట్జ్ పెట్టండి. క్యాసెట్‌లో ఉన్నదంతా వీటిలో హాయిగా ఇముడుతుంది. ప్రాజెక్టును 32 బిట్ ఫ్లోట్‌లోనే ఉండనివ్వండి.

లెవెల్ కోసం క్యాసెట్‌లో అన్నిటికంటే గట్టిగా వినిపించే చోటు వెతికి ప్లే చేసి, మీటర్ శిఖరాలు మైనస్ 6 డెసిబెళ్ల దగ్గర ఆగేలా సర్దండి. సున్నాను తాకితే ఆ అల తల తెగిపోతుంది, తర్వాత ఏం చేసినా అతకదు. తక్కువైతే పెంచుకోవచ్చు. క్యాసెట్ బుస శబ్దమే డిజిటల్ అడుగు శబ్దం కంటే చాలా పైన ఉంటుంది కాబట్టి మైనస్ 12 దగ్గర ఉన్నా నష్టమేమీ లేదు. సున్నాకు వీలైనంత దగ్గరగా ఉండాలని టెన్షన్ పడకండి.

రికార్డింగ్

ఇక్కడ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముందు రికార్డ్ నొక్కండి, తర్వాత ప్లే. శబ్దం మొదలవక ముందు వచ్చే ఖాళీ టేపు బుస కొన్ని సెకన్లయినా రికార్డులో ఉండాలి, అది తర్వాత అవసరమవుతుంది. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా స్లీప్ ఆపేయండి. సైడ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసుకోండి, పాట పాటకూ ఆపకండి. సీ-60 అయితే సైడ్‌కు 30 నిమిషాలు, సీ-90 అయితే 45, ఆ సమయం పట్టక తప్పదు. రెట్టింపు వేగంతో ప్లే చేసి కంప్యూటర్‌లో తగ్గించుకుందాం అన్న ఉపాయం ఉంది గానీ, అలా చేస్తే పై ధ్వనులు పోతాయి.

మాటలకు బదులు కీచుమనే గరగర శబ్దం వస్తే టేపు పాడైందని కంగారు పడకండి. 1980ల్లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64 లాంటి కంప్యూటర్లు ప్రోగ్రాములను క్యాసెట్ల మీదే దాచేవి. అలాంటిదైతే డాల్బీ లేకుండా, ఏ శుద్ధీ చేయకుండా, వేవ్ ఫైలుగానే ఉంచండి.

సైడ్ అవ్వగానే, ఏమీ ముట్టుకోకముందే, 24 బిట్ ఫ్లాక్ లేదా వేవ్‌గా ఒక కాపీ ఎక్స్‌పోర్ట్ చేసి పక్కన పెట్టండి. ఇక మీద చేసే మార్పులన్నీ ఇంకో కాపీ మీదే. 44,100 హెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ గంటకు సుమారు 950 మెగాబైట్లు అవుతుంది. ఫ్లాక్ అందులో నాణ్యత ఏమాత్రం పోకుండా చాలా చోటు మిగులుస్తుంది.

తర్వాతి సవరణలు

మొదట వేగం. రికార్డు చేసిన యంత్రం, మీ డెక్ ఒకే వేగంతో తిరిగాయని నమ్మకం లేదు. గొంతు సన్నబడిందనో, బొంగురు పోయిందనో అనిపిస్తే ఒక చక్కటి ఆధారం ఉంది. ఇళ్లలో చేసిన చాలా రికార్డింగుల అడుగున అప్పటి కరెంటు హమ్ పడి ఉంటుంది. ఆడాసిటీలో ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచి, సైజు పెద్దది ఎంచుకుని చూడండి. రికార్డు చేసిన చోట కరెంటు 50 హెర్ట్జ్ అయి, మీకు శిఖరం 51 దగ్గర కనిపిస్తే టేపు 2 శాతం వేగంగా తిరిగినట్టే. ఆ మేరకు స్పీడ్ తగ్గించండి. టేపు ఆపినా ఆ శిఖరం ఉంటే అది మీ వైర్లది, లెక్కలోకి తీసుకోకూడదు. వేగాన్ని మార్చేటప్పుడు స్పీడ్, పిచ్ రెండూ కలిసి మారే ఎఫెక్ట్ వాడాలి, టెంపో ఒక్కటే మార్చేది కాదు.

మోనోగా రికార్డు చేసిన టేపు అయితే రెండు చానళ్లనూ విడివిడిగా వినండి. ఒకటి స్పష్టంగా దెబ్బతిని ఉంటే బాగున్నదే ఉంచండి. రెండూ బాగుండి, అజిమత్ సరిగ్గా ఉంటే కలిపేయండి, బుస కాస్త తగ్గుతుంది.

బుస తగ్గించడంలోనే మంచి రికార్డింగులు ఎక్కువగా పాడవుతాయి. ముందు దాచుకున్న ఖాళీ టేపు బుస ముక్కను సెలెక్ట్ చేసి నాయిస్ రిడక్షన్‌లో నాయిస్ ప్రొఫైల్ తీసుకోండి. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి 6 నుంచి 9 డెసిబెళ్లు మాత్రమే తగ్గించండి. 20 పెట్టి చూస్తే బుస మాయమవుతుంది, దాని స్థానంలో నీళ్లలోంచి గంటలు మోగినట్టు వింత శబ్దాలు వస్తాయి. ఎఫెక్ట్‌లో ‘రెసిడ్యూ’ అనే ఎంపిక ఉంది. అది పెట్టి ప్రివ్యూ వింటే ఏం తీసేస్తున్నారో అదే వినిపిస్తుంది. అందులో పాట గానీ మాట గానీ గుర్తుపట్టగలిగితే మీరు ఎక్కువ కోస్తున్నారు. కొద్దిపాటి బుసకు చెవి త్వరగానే అలవాటు పడుతుంది, చచ్చుబడిన గొంతుకు మాత్రం పడదు.

ఆ తర్వాత నార్మలైజ్‌తో శిఖరాన్ని మైనస్ 1 డెసిబెల్‌కు తెచ్చి, ప్రతి పాట మొదట్లో కంట్రోల్, బీ నొక్కి పేరు రాసుకుంటూ వెళ్లండి. చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మల్టిపుల్ ఫైల్స్ ఎంచుకుంటే ఆ లేబుళ్ల ప్రకారం విడివిడి ఫైళ్లు తయారవుతాయి. ఫోన్‌లో వినడానికి ఎంపీ3 చేసుకోండి, దాచుకోవడానికి ఫ్లాక్. క్యాసెట్ లేబుల్‌కు, లోపలి కాగితానికి రెండు వైపులా ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. మొత్తాన్ని ఇంకో డిస్క్ మీద కూడా ఉంచండి. ఫైళ్లు వచ్చాయి కదా అని అసలు క్యాసెట్లు పారేయకండి. నిలువుగా నిలబెట్టి, స్పీకర్లకూ ఎండకూ దూరంగా దాచండి.

ఇక కంప్యూటర్ నుంచి క్యాసెట్‌కు

ముందు అజిమత్ స్క్రూను మీరు గీసుకున్న గీత దగ్గరికి తిప్పేయండి. కంపెనీ విడుదల చేసిన మంచి క్యాసెట్ ఒకటి వింటూ ఆఖరి సర్దుబాటు చేస్తే ఇంకా మంచిది. లేకపోతే మీ కొత్త క్యాసెట్ మీ డెక్‌లో తప్ప ఎక్కడా బాగా వినిపించదు. హెడ్ మళ్లీ తుడవండి, రికార్డింగ్‌లో మురికి చేసే నష్టం శాశ్వతం.

కంప్యూటర్ ఆకుపచ్చ సాకెట్ నుంచి గానీ యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి గానీ డెక్ లైన్ ఇన్‌కు వైరు. నోటిఫికేషన్ శబ్దాలన్నీ ఆపేయండి. పాట మధ్యలో మెసేజ్ వచ్చి ‘టింగ్’ అంటే మళ్లీ మొదటి నుంచే. పాటలను సైడ్‌కు ఒకటి చొప్పున పెద్ద ఫైళ్లుగా పేర్చుకోవడం తేలిక. సీ-90 సైడ్‌కు నలభై నాలుగున్నర నిమిషాల లోపు ఉంచండి. క్యాసెట్ మొదట్లో, చివర్లో రంగుల లీడర్ ఉంటుంది, దాని మీద ఏదీ రికార్డు కాదు. లీడర్ దాటి గోధుమరంగు టేపు కనిపించేదాకా పెన్సిల్‌తో తిప్పి మొదలుపెట్టండి.

లెవెల్ ఇక్కడ వేరే పద్ధతి. డిజిటల్‌లో సున్నా అంటే గోడ. టేపు అలా కాదు, నెమ్మదిగా నిండుతుంది, ముందు ట్రెబుల్ మందగిస్తుంది. టైప్ 1 టేపు మీద డెక్ మీటర్ శిఖరాలు సున్నా నుంచి ప్లస్ 3 మధ్య ఆడేలా పెట్టండి, టైప్ 4 ఇంకొంచెం తట్టుకుంటుంది. ఇప్పటి పాటలు మొదటి నుంచి చివరిదాకా ఒకే గట్టిదనంతో ఉంటాయి కాబట్టి వాటికి ఇంకా తగ్గించండి. ఒక నిమిషం రికార్డు చేసి, రివైండ్ చేసి, అసలు ఫైలుతో పోల్చి వినండి. ‘స’ శబ్దాలు చితికినట్టుంటే లెవెల్ తగ్గించాలి. మూడు హెడ్‌ల డెక్ ఉంటే మానిటర్ స్విచ్‌తో రికార్డు అవుతుండగానే టేపు మీదిది వినొచ్చు. చిన్న మోనో రికార్డర్లలో లెవెల్ దానంతట అదే సర్దుకుంటుంది, పాటలో నెమ్మది చోట్లను కూడా పైకి లాగేస్తుంది. అక్కడ మీ చేతిలో ఏమీ ఉండదు.

క్యాసెట్ వినబోయే ప్లేయర్‌లో డాల్బీ ఉంటేనే డాల్బీతో రికార్డు చేయండి. ఇప్పుడు కొత్తగా వస్తున్న ప్లేయర్లలో అది దాదాపు ఉండదు.

రికార్డ్ బటన్ దిగకపోతే క్యాసెట్ పై అంచు చూడండి. టేపు కనిపించే వైపు కిందికి ఉండేలా పట్టుకుంటే, మీ ఎదురుగా ఉన్న సైడ్ రక్షణ బిళ్ల ఎడమ పక్కది. అది విరిచి ఉంటే ఆ సైడ్ మీద రికార్డు కాదు. ఆ రంధ్రం మీద సెల్లో టేపు ముక్క అంటిస్తే అవుతుంది. టైప్ 2 క్యాసెట్ అయితే దాని పక్కనే ఉన్న గుంటను మూసేయకుండా చూసుకోండి, మూస్తే డెక్ దాన్ని నార్మల్ టేపు అనుకుంటుంది. పని పూర్తయ్యాక ఆ టేపు ముక్క పీకేయండి. కొత్త క్యాసెట్ అయితే రెండు బిళ్లలూ విరిచేయండి.